పరిచయం కూడా ఒక దానమే

(కొవ్వూరులో జరిగిన వార్షిక సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. చదువు ప్రాముఖ్యం గురించి చెప్పమన్నారు. చదువు ముఖ్యమని తెలియకపోతే మీరు ఇన్నేళ్ళుగా పిల్లల ఫీజులు కట్టేవారే కాదు కదండీ. తెలిసిన విషయమే మళ్ళీ చెప్పి మీ సమయం తీసుకోను. చదువు పూర్తయ్యాక మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో అది చెబుతాను.

కిందటేడాది సంగతి. నా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి ఒకామె బీకాం పాసయింది. పేరు చెప్పను, చెప్పొద్దని మాట తీసుకుంది. మూడేళ్ళూ కాలేజీ ఫీజు మీరే కట్టారు. మంచి మార్కులు వచ్చాయి. వేసవి సెలవుల్లో ట్యాలీ కూడా నేర్చుకుంది. రాజమండ్రిలో జాబ్ మేళా ఉందని తెలిసి, సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టుకుని, బస్సెక్కి వంతెన దాటి వెళ్ళింది. సాయంత్రం తిరిగొచ్చి "ఖాళీలు అయిపోయాయట అమ్మీ" అని తల్లికి చెప్పింది.

నెల పోయాక నా దగ్గరికొచ్చి అసలు సంగతి చెప్పింది.

"హాలు నిండా టేబుళ్ళున్నాయి టీచర్. ఒక్కో టేబులు దగ్గర ఒక్కో కంపెనీ వాళ్ళు. నా ముందు ఇద్దరున్నారు. వాళ్ళు ఇంగ్లీషులో గబగబా మాట్లాడేస్తున్నారు. నాకు చేతులు చెమటలు పట్టేశాయి. మంచినీళ్ళు తాగొద్దామని లైన్లోంచి బయటికొచ్చాను. మళ్ళీ లోపలికి వెళ్ళలేకపోయాను."

"ఎందుకమ్మా అంత భయం? నిన్నేం చేస్తారు వాళ్ళు?" అన్నాను.

"భయం ఒక్కటే కాదు టీచర్. అక్కడ అందరికీ ఎవరో ఒకరు తెలుసు. నాకెవరూ తెలీదు" అంది.

మీరు కట్టిన మూడేళ్ళ ఫీజు, ఆ పిల్ల చదివిన మూడేళ్ళ చదువు ఆ టేబులుకి పది అడుగుల దూరంలో ఆగిపోయాయి. ఇంతమంది దాతలు మోసుకొచ్చిన బరువు పది అడుగుల దగ్గర దిగిపోతే అది ఆ పిల్ల ఒక్కదాని లోపం అనుకుందామా? నాకలా అనిపించలేదు. అందుకే ఇవాళ ఈ విషయం ఎత్తుకున్నాను.

దీన్ని ఇప్పుడు నెట్‌వర్కింగ్ అంటున్నారు. ఆ మాట వింటే మన గోదావరి ఒడ్డు వాళ్ళకి చేపల వల గుర్తొస్తుంది, ఎవరినో పట్టుకుని ఏదో లాగే పని అనిపిస్తుంది. అంత పెద్ద మాట మనకెందుకు? మన వృత్తిలో ఉన్న కొత్త మనుషుల్ని కలవడం, మన పేరు చెప్పడం, వాళ్ళ పేరు తెలుసుకోవడం, అంతే. జాబ్ మేళాలో, కాలేజీ పూర్వ విద్యార్థుల సమావేశంలో, వ్యాపారుల సభలో, ఆఫీసు ట్రైనింగులో టీ తాగే పది నిమిషాల్లో జరిగేదంతా ఇదే. హైదరాబాదులో మంచి ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు కూడా ఫోన్లు చేసి "పని వచ్చు టీచర్, పదిమందిలోకి వెళ్ళాలంటేనే కాళ్ళు రావడం లేదు" అంటున్నారు.

నేనేదో ధైర్యవంతురాలినని మీకు సలహాలిస్తున్నాననుకోకండి. నా సంగతి వినండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక శిక్షణా తరగతికి వెళ్ళాను. వరుసగా లేచి ఎవరి పరిచయం వాళ్ళు చేసుకోమన్నారు. నా వంతు ఆరుగురి తర్వాత. ఆ ఆరుగురు ఏం చెప్పారో ఒక్క ముక్క నా చెవిన పడలేదు. నా వంతు రాగానే లేచి బడి పేరు చెప్పాను, ఊరి పేరు చెప్పాను, కూర్చున్నాను. నా పేరు చెప్పడం మర్చిపోయాను! హాలంతా నవ్వింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని చెయ్యి కడుక్కునే చోట గోడవైపు తిరిగి నిలబడ్డాను. నా పక్కనే ఇంకో టీచర్ గారు అలాగే నిలబడి ఉన్నారు. ఆవిడ నన్ను చూసి గర్వమనుకున్నారట, నేను ఆవిడని చూసి గర్వమనుకున్నాను. మూడో రోజున ఆ సంగతి తెలిసి ఇద్దరం నవ్వుకున్నాం. పాతికేళ్ళు దాటింది, ఇప్పటికీ మా స్నేహం సాగుతోంది.

ఆ రెండు రోజులూ ఎందుకు వృథా అయ్యాయో నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు. 2018లో కొందరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రచురించారు. కొత్తవాళ్ళ చేత మాట్లాడించి, తర్వాత ఇద్దర్నీ విడివిడిగా అడిగారు: ఎదుటి మనిషి మీకు ఎంత నచ్చారు, మీరు వాళ్ళకి ఎంత నచ్చి ఉంటారు? ఎదుటివాళ్ళు తమను మెచ్చుకున్న దానికంటే తక్కువే మెచ్చుకుని ఉంటారని మనుషులు అనుకుంటున్నట్టు తేలింది. అంటే మనం ఇంటికొచ్చి "ఛ, ఏదో వాగేశాను" అని బాధపడుతున్న సమయంలో, ఆ ఎదుటి మనిషి వాళ్ళింట్లో "మంచి పిల్ల" అనుకుంటూ ఉండవచ్చు.

ఇంకో పరిశోధన 2000లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించారు. ఒక విద్యార్థికి సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, నలుగురూ కూర్చున్న గదిలోకి పంపారు. "నీ చొక్కా మీద ఎవరున్నారో ఎంతమంది గమనించి ఉంటారు?" అని అడిగితే సుమారు సగం మంది అన్నాడు. నిజంగా గమనించింది దాదాపు నాలుగో వంతు మంది. అలా చాలామంది విద్యార్థులతో చేసి చూశారు. మన చెప్పులు పాతవని, మన యాస వేరని, మన చెయ్యి వణుకుతోందని అందరూ చూస్తున్నారనుకుంటాం. వాళ్ళలో చాలామంది తమ చెయ్యి వణుకుతోందని తాము బాధపడుతూ ఉంటారు.

సరే, అందరికీ ఉండే భయమే అయినప్పుడు మన పిల్లలకి మరీ ఎక్కువగా ఎందుకుంటోంది? నాకు మూడు కారణాలు కనిపించాయి.

మొదటిది భాష. మనలో చాలా ఇళ్ళలో ఉర్దూ, బళ్ళో తెలుగు, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. పిల్లవాడు ఉర్దూ మాట్లాడితే హైదరాబాదు చుట్టాలు నవ్వుతారు. తెలుగు మాట్లాడితే "మీ తెలుగు భలే ఉందే" అని క్లాసులో ఒకరు నవ్వుతారు. ఇంగ్లీషు సంగతి చెప్పక్కర్లేదు. మూడు భాషలు వచ్చిన పిల్లవాడు, మూడింటిలోనూ తప్పు చేస్తానేమోనని నోరు మూసుకుంటాడు. మూడు భాషలు రావడం తన బలమని ఎవరూ వాడికి చెప్పలేదు.

రెండోది మా తప్పు, అంటే టీచర్ల తప్పు. నాతోనే మొదలుపెడతాను. ఇన్నేళ్ళుగా క్లాసులో నోరు మూసుకు కూర్చున్న పిల్లనే "మంచి పిల్ల" అన్నాను. ప్రోగ్రెస్ కార్డులో "బుద్ధిమంతురాలు, నెమ్మది" అని రాశాను. ప్రశ్నలడిగే పిల్లని "ఎక్కువ మాట్లాడకు" అన్నాను. పదేళ్ళు మాట్లాడొద్దని చెప్పి, పదకొండో ఏడు ఇంటర్వ్యూకి పంపి "ఏం, నోరు లేదా?" అంటే ఎలా? జాబ్ మేళా నుంచి తిరిగొచ్చిన ఆ అమ్మాయి నా క్లాసులో ఎప్పుడూ మొదటి బెంచీలో నెమ్మదిగా కూర్చునేది. నేను మెచ్చుకున్న నెమ్మదే ఆ రోజు ఆమెకి అడ్డొచ్చింది.

మూడోది చెప్పాలంటే కొంచెం మొహమాటంగా ఉంది. పెద్దలు మరోలా అనుకోవద్దు. మనం ప్రతి ఏడాదీ ఇదే వేదిక మీద ఉపకార వేతనాలు ఇస్తాం. పేరు పిలుస్తాం, పిల్ల తలొంచుకుని వస్తుంది, రెండు చేతులూ చాచి కవరు తీసుకుంటుంది, ఫోటో తీస్తారు, తలొంచుకునే దిగిపోతుంది. ఇచ్చినాయన ఏం పని చేస్తారో ఆ పిల్లకి తెలియదు. ఆ పిల్ల ఏం చదువుతోందో, ఏం కావాలనుకుంటోందో ఆయనకి తెలియదు. మీ మనసులో దయ తప్ప ఇంకేమీ లేదని నాకు తెలుసు. కానీ పెద్దవాళ్ళ ముందు ఎలా నిలబడాలో ఆ పిల్ల నేర్చుకున్న పాఠం మాత్రం అదే. తలొంచుకుని, చెయ్యి చాచి, మాట్లాడకుండా. రేపు కంపెనీ మేనేజరు ముందు కూడా అలాగే నిలబడుతుంది. తన దగ్గర వాళ్ళకి పనికొచ్చేది ఏదో ఉందని, తాను అడుక్కోవడానికి రాలేదని ఆ పిల్లకి అనిపించదు.

ఇక్కడ మీకు ఒక మనిషి గురించి చెప్పాలి. ఆయన లండన్‌లో బారిస్టరు చదివి 1891లో తిరిగొచ్చారు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో మొదటి కేసు. ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించడానికి లేచి నిలబడ్డారు. కళ్ళు తిరిగాయి, ఒక్క ప్రశ్న కూడా తోచలేదు. కూర్చుండిపోయి, ఈ కేసు నా వల్ల కాదు వేరే వకీలుని పెట్టుకోండని చెప్పి, ఫీజు వెనక్కిచ్చి బయటపడ్డారు. అంతకుముందు లండన్‌లో కూడా స్నేహితుల విందులో మాట్లాడబోయి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు. ఆయన మోహన్‌దాస్ గాంధీ. ఇదంతా ఆయనే ఆత్మకథలో దాపరికం లేకుండా రాసుకున్నారు.

అలాంటి మనిషికి నోరు ఎక్కడ పెగిలింది? 1893లో దాదా అబ్దుల్లా అండ్ కంపెనీ అనే ముస్లిం వ్యాపార సంస్థ తమ దావా పని మీద ఆయన్ని దక్షిణాఫ్రికాకి పిలిపించుకుంది. పని ప్రిటోరియాలో. అక్కడ సేఠ్ హాజీ మొహమ్మద్ హాజీ జూసబ్ గారికి చూపించమని ఆయన చేతిలో ఒక పరిచయ పత్రం ఉంది. ఆ సేఠ్ గారి ఇంట్లోనే అక్కడి భారతీయుల సమావేశం జరిగింది. వచ్చినవారిలో ఎక్కువమంది మేమన్ వ్యాపారులు, కొద్దిమంది హిందువులు. వ్యాపారంలో సత్యం గురించి ఆయన మాట్లాడారు. తన జీవితంలో అదే మొదటి బహిరంగ ప్రసంగమని చెప్పుకోవచ్చునని ఆయనే రాశారు.

ఇందులో నేను గమనించినవి మూడున్నాయి. ఆయన ఆ గదిలోకి ఒంటరిగా వెళ్ళలేదు, చేతిలో ఒక పరిచయం ఉంది. అది కోర్టు కాదు, ఒక వ్యాపారి ఇల్లు, మన మనుషులు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఆయన ఏదో అడగడానికి వెళ్ళలేదు. ముందే ఆలోచించుకుని, వాళ్ళకి పనికొచ్చే మాట తీసుకెళ్ళారు. ఆ సభలోనే ఇంగ్లీషు రానివాళ్ళకి నేర్పుతానన్నారు. ముగ్గురు ముందుకొచ్చారు. ఒకాయన క్షురకుడు, ఒకాయన గుమాస్తా, ఇద్దరూ ముస్లిములే. మూడో ఆయన ఒక చిన్న దుకాణం నడుపుకునే హిందువు. గాంధీగారే వాళ్ళు ఉన్న చోటికి వెళ్ళి పాఠం చెప్పేవారు.

గాంధీ పేరు లోకమంతా తెలుసు. ఆ రోజు తన ఇంట్లో చోటిచ్చిన సేఠ్ గారి పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఆయన ఇచ్చింది కాస్త చోటు, కాస్త సమయం.

మన అమ్మాయి అన్న మాట గుర్తుందా? "నాకెవరూ తెలీదు" అంది. అది ఉత్త భయంతో అన్న మాట కాదని చెప్పడానికి ఒక లెక్క ఉంది. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ దగ్గరున్న న్యూటన్ అనే ఊళ్ళో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్ళని అడిగి చూశారు. సగానికి పైగా మందికి ఉద్యోగం సంగతి తెలిసింది పరిచయస్తుల ద్వారానే. ఆ పరిచయస్తులెవరు? దగ్గరి స్నేహితులా, చుట్టాలా? కాదు. తరచూ కలిసేవాళ్ళ ద్వారా దొరికింది ఆరుగురిలో ఒకరికే. మిగిలినవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు కలిసే మనుషులే దారి చూపించారు. కారణం తేలికే. మన ఇంట్లోవాళ్ళకి, మన వీధివాళ్ళకి తెలిసింది మనకీ తెలుసు. కొత్త కబురు దూరపు పరిచయం నుంచే వస్తుంది. మన ప్రాంతం నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళని అడగండి, మొదటి కబురు ఎవరు చెప్పారని. దూరపు చుట్టం తోడికోడలో, రైల్లో కలిసిన మనిషో అంటారు.

డాక్టరు గారి అబ్బాయికి ఆ దూరపు పరిచయాలు పుట్టుకతో వస్తాయి. నాన్నగారి కోసం ఇంటికొచ్చేవాళ్ళతో మాట్లాడుతూ పెరుగుతాడు. ఆటో నడిపే తండ్రి కూతురికి అవి ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇక్కడే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను సిఫారసు అడగడం లేదు. "ఈ పిల్లకి ఉద్యోగం ఇవ్వండి" అంటే అది సిఫారసు. ఇచ్చేవాళ్ళకి ఇబ్బంది, తీసుకున్నవాళ్ళకి చిన్నతనం. "ఈ అమ్మాయి బీకాం చదివింది, ట్యాలీ వచ్చు, ఐదు నిమిషాలు మాట్లాడి చూడండి" అంటే అది పరిచయం. ఆ తర్వాత నిలబడటం, నిలబడలేకపోవడం ఆ పిల్ల చేతిలో ఉంటుంది.

ఇక మేం చేసిన పని చెబుతాను. ఆ అమ్మాయి సంగతి విన్నాక మా ఇంటి ముందు గదిలో ప్రతి ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. మొదటి వారం నలుగురు వచ్చారు, తర్వాత పదకొండు మంది అయ్యారు. మాకు పనికొచ్చినవి చెబుతాను. మీ ఇళ్ళలో పిల్లలకి చెప్పండి, మీకూ పనికి రావచ్చు.

ఒకటి. పరిచయం నాలుగు వాక్యాల్లో రాసుకోవాలి. నా పేరు, ఊరు. ఏం చదివాను. నా చేతులతో చేసిన పని ఒకటి. మీ గురించి ఒక ప్రశ్న. మూడో వాక్యమే ప్రాణం. "ట్యాలీ వచ్చు" అనడం వేరు, "మా బాబాయి గారి కిరాణా కొట్టు లెక్కలు ఆరు నెలలు నేనే రాశాను" అనడం వేరు. ఈ నాలుగు వాక్యాలూ ముందు ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పించాను. తర్వాత తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. మనసులో అనుకుంటే చాలదు, గొంతు విప్పి ఇరవైసార్లు అనాలి. పరీక్షలో రాసే పద్యం బట్టీ పట్టినట్టు కాదు, నోటికి అలవాటయ్యేదాకా.

రెండు. వెళ్ళేది ముందే వెళ్ళాలి. ఆలస్యంగా వెళితే అప్పటికే గుంపులు కట్టేసి ఉంటారు, గుంపులోకి దూరడం కష్టం. పావుగంట ముందు వెళితే ఒక్కొక్కరే ఉంటారు. ఆ ఒక్కరికీ ఎవరైనా పలకరిస్తే బాగుండుననే ఉంటుంది.

మూడు. లక్ష్యం చిన్నది పెట్టుకోవాలి. "అందరితో మాట్లాడాలి" అనుకుంటే కాళ్ళు రావు. "ఇవాళ ఇద్దరితో మాట్లాడతాను, ఒక్కరి పేరు గుర్తుపెట్టుకుంటాను" అనుకుంటే చాలు. అది అయ్యాక ఇంటికి వచ్చేసినా తప్పు లేదు.

నాలుగు. ఏం మాట్లాడాలో తోచకపోతే అడగాలి. "మీరు ఈ పనిలోకి ఎలా వచ్చారండీ?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పని మనిషిని నేనింతవరకు చూడలేదు. బాగా మాట్లాడేవాళ్ళ కంటే శ్రద్ధగా వినేవాళ్ళే ఎక్కువమందికి గుర్తుంటారు.

ఐదు. గుండె దడ. పిల్లలు "టీచర్, దడ రాకుండా ఏం చెయ్యాలి?" అని అడుగుతారు. వస్తుంది, రానివ్వండి. ఊపిరి నెమ్మదిగా వదలండి, పీల్చే దానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలి. 2014లో హార్వర్డ్ పరిశోధకురాలు ఒకావిడ ఒక ఉపాయం పరీక్షించి చూశారు. ప్రసంగానికి ముందు "శాంతంగా ఉండు" అనుకున్నవాళ్ళ కంటే "నాకు హుషారుగా ఉంది" అని పైకి అనుకున్నవాళ్ళు బాగా మాట్లాడారట. దడ దడే, దానికి మనం పెట్టే పేరు మారుతుంది. పెళ్ళివారింటికి బయల్దేరేటప్పుడు కూడా గుండె కొట్టుకుంటుంది కదా, దాన్ని భయమంటామా? అయితే నెలల తరబడి నిద్ర పట్టకుండా, గడప దాటలేనంత భయం ఉంటే అది వేరు. దానికి డాక్టరుకి చూపించాలి, అందులో సిగ్గుపడేదేమీ లేదు.

ఆరు. మన ఆడపిల్లలు అడిగిన ప్రశ్న. "మగవాళ్ళు చెయ్యి చాపితే ఏం చెయ్యాలి టీచర్?" ఇష్టం లేకపోతే కలపక్కర్లేదు. నవ్వుతూ, చెయ్యి గుండె మీద పెట్టుకుని సలామో నమస్కారమో చెప్పండి. ఎదుటివాళ్ళు నొచ్చుకోరు, మీరు తడబడితేనే వాళ్ళూ తడబడతారు. ఫోన్ నంబరు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఈ మెయిల్ ఇవ్వండి, వాళ్ళ ఆఫీసు నంబరు అడిగి తీసుకోండి. బురఖా వేసుకుని వెళ్ళొచ్చా అని ఒక పిల్ల అడిగింది. వెళ్ళమ్మా, నీ నాలుగు వాక్యాలు నీతో తీసుకెళ్ళు అన్నాను.

ఏడు. ముగించడం కూడా నేర్చుకోవాలి. "మీ సమయం ఇచ్చారు, థాంక్స్ అండీ" అని చెప్పి పక్కకి రావాలి. ఆ రాత్రే రెండు వాక్యాల మెసేజి పెట్టాలి, నేను ఫలానా, ఫలానా చోట కలిశాం అని. మన పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమంది చెయ్యనిది ఇదే. విత్తనం వేసి నీళ్ళు పెట్టకపోతే ఎలా?

ఇంకో మాట. కొత్తవాళ్ళతో మొదటి మాట ఏమనాలో తెలియడం లేదంటారు పిల్లలు. ముక్కూ మొహం తెలియని మనిషికి కూడా ముందుగా సలాం చెప్పడం మన పెద్దలు మనకి చిన్నప్పుడే నేర్పారు. మసీదు గుమ్మంలో, పెళ్ళిలో, రైల్లో ఎవరు ఎదురైనా చెబుతాం కదా. అక్కడ సిగ్గుపడం. ఆ అలవాటునే హాల్లోకి తీసుకెళ్ళమంటున్నాను, అంతే.

ఇప్పుడా అమ్మాయి ఏమైందో చెప్పాలి కదా. మన దాతల్లోనే టైల్స్ వ్యాపారం చేసే పెద్దాయన ఒకరున్నారు. ఇక్కడే కూర్చున్నారు, పేరు చెబితే ఒప్పుకోరు. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని, మేనేజరులాగా ఒక్కొక్కళ్ళనీ ప్రశ్నలడిగారు. మన అమ్మాయి మొదటిసారి రెండో వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు. టీ తాగి "మళ్ళీ మొదలుపెట్టమ్మా" అన్నారు. మూడోసారి పూర్తిగా చెప్పింది. చివర్లో ప్రశ్న ఉండాలి కదా, "మీ కొట్లో జీఎస్టీ లెక్కలు ఎవరు చూస్తారండీ?" అని అడిగింది. ఆయన నవ్వేసి, తన లెక్కలు చూసే ఆడిటరు గారికి అక్కడికక్కడే ఫోన్ చేసి "ఒక అమ్మాయిని పంపుతున్నాను, మాట్లాడి చూడండి" అన్నారు. అంతే అన్నారు. ఆ ఆడిటరు గారి దగ్గర ఖాళీ లేదు. కానీ ఐదు నిమిషాలు మాట్లాడి, తనకు తెలిసిన ఇంకో ఆఫీసుకి పంపారు. అక్కడ కుదిరింది. ఇప్పుడు ఆ అమ్మాయి రోజూ అదే వంతెన దాటి పనికి వెళ్ళొస్తోంది. జీతం పెద్దదేమీ కాదు. కిందటి నెల మాత్రం నా దగ్గరికొచ్చి "టీచర్, వచ్చే ఆదివారం ఆ కుర్చీలో నేను కూర్చోనా?" అని అడిగింది. నాకు అంతకంటే పెద్ద జీతం అక్కర్లేదనిపించింది.

అందరికీ ఇలా కుదిరిందని చెప్పను. ఆ పదకొండు మందిలో ఇద్దరు మధ్యలో మానేశారు. ఒక అబ్బాయి నాలుగు చోట్లకి వెళ్ళాడు, ఇంకా దొరకలేదు. కానీ ఇప్పుడు మంచినీళ్ళ వంకతో లైన్లోంచి బయటికి రావడం లేదు. ఐదో చోటికి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాడు.

కాబట్టి పెద్దలారా, మీ దగ్గర మూడు కోరికలు పెడుతున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, పిల్లలకి అడగడం నేర్పుతున్నదాన్ని నేనూ అడగాలి కదా.

మొదటిది, నెలకి ఒక ఆదివారం, రెండు గంటలు. మా ఇంటి ముందు గది చాలడం లేదు, ఈ హాలు ఇప్పించండి. దాతల్లో ఐదుగురు వచ్చి ఐదు కుర్చీల్లో కూర్చుంటే చాలు. మీరు పాఠం చెప్పక్కర్లేదు. మీ పని గురించి చెప్పండి, పిల్లల్ని అడగండి, తడబడితే టీ తాగుతూ ఆగండి.

రెండోది, ఏడాదికి ఒక్కొక్కరు ఒక్క పరిచయం. ఒక్క ఫోన్, ఒక్క పిల్ల, ఐదు నిమిషాలు. సిఫారసు వద్దు.

మూడోది, ఈ వేదిక గురించి. వచ్చే ఏడాది ఉపకార వేతనాలు ఇచ్చేటప్పుడు కవరు చేతికిచ్చే ముందు పిల్ల చేత తన పేరు, తాను చదివేది, తాను చేసిన పని ఒకటి చెప్పించండి. అర నిమిషం పడుతుంది. ఆ తర్వాత మీరు కూడా మీ పేరు, మీ పని ఆ పిల్లకి చెప్పండి. ఫోటో అప్పుడు తీయండి. కార్యక్రమం అరగంట ఆలస్యమవుతుంది, బిర్యానీ కాస్త చల్లారుతుంది. అయినా ఫరవాలేదు. ఆ పిల్ల తలెత్తి మాట్లాడిన మొదటి సభ మనదే అవుతుంది, ఆ సభలో ఆ పిల్లకి తెలిసిన మొదటి మనిషి మీరే అవుతారు. ఇంకెప్పుడూ "నాకెవరూ తెలీదు" అనే అవసరం రాదు.

పిల్లలకి చివరిగా ఒక్క మాట. భయం పూర్తిగా పోయాక వెళ్దామనుకుంటే ఎప్పటికీ వెళ్ళరు. ఇవాళ ఈ మైకు ముందుకి వచ్చేటప్పుడు నాకూ చేతులు చెమటలు పట్టాయి. అందుకే ముందుగా నా పేరు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను, ఈసారి మర్చిపోకుండా.